పైకి పోయిన సామాను కిందికి వస్తుందా?



పోయిన సంచికలో చంద్రుడి మీద రాసిన వ్యాసం చదివి ఏడో తరగతి తమ్ముడొకడు నన్ను మెస్సు లైన్లో పట్టుకున్నాడు. "అన్నా, రాకెట్లో పైకి పంపిన సామాను మళ్ళీ కిందికి దింపరా? అంత డబ్బు పోసి చేసింది అక్కడే పారేస్తారా?" అని అడిగాడు. నాకు వెంటనే జవాబు తట్టలేదు. "తర్వాత చెప్తాలే" అని పళ్ళెం పట్టుకుని తప్పించుకున్నాను. కానీ రాత్రి స్టడీ అవర్లో అదే ప్రశ్న మళ్ళీ మళ్ళీ గుర్తొచ్చింది. ఆ తర్వాత సైన్సు సారుని అడిగాను, లైబ్రరీ బీరువాలో పాత పత్రికలు తిరగేశాను, సారు కూడా కొన్ని విషయాలు వెతికి చెప్పారు. ఒక చార్టులో పడుతుందనుకున్నాను, పట్టలేదు. అందుకే కింద రెండోది అతికించాం. ఓపికగా చదవండి.

తమ్ముడు అడిగినదాన్ని శాస్త్రవేత్తలు కూడా చాలా ఏళ్ళుగా అడుగుతున్నారు. ఒక బల్లలాంటిది తయారుచేసి, దాని మీద రకరకాల ప్రయోగాలు బిగించి, అంతరిక్షంలో కొన్ని నెలలు తిప్పి, కిందికి దించి, దుమ్ము దులిపి మళ్ళీ పంపవచ్చు కదా? ఆ బల్ల మీద చోటు అద్దెకిస్తే అద్దె డబ్బుతో ఖర్చు గిట్టుబాటు కాదా? ఇదే మళ్ళీ మళ్ళీ వాడుకునే అంతరిక్ష వేదిక. ప్లాట్‌ఫారం అని కూడా అంటారు. రైలు ప్లాట్‌ఫారం కాదు, దీనికి మనుషులు ఎక్కరు. సామాను మాత్రమే ఎక్కుతుంది.

ముందు, అసలు ప్రయోగాలు అక్కడిదాకా ఎందుకు పోవాలి అనేది చూద్దాం.

మన మెస్సులో పప్పు గుండిగ గురించి అందరికీ తెలిసిందే. లైన్లో ముందు నిలబడినవాడికి పైనున్న పలచటి నీళ్ళు, చివర నిలబడినవాడికి అడుగున్న గట్టి పప్పు. వంట అక్క గరిటెతో అడుగు నుంచి కలిపితే తప్ప ఇది మారదు. ఎందుకంటే బరువైనది అడుగుకు దిగుతుంది, తేలికది పైకి తేలుతుంది. వేడి చేసినా అంతే. అడుగున వేడెక్కిన నీళ్ళు పైకి లేస్తాయి, చల్లటివి కిందికి దిగుతాయి, గిన్నెలో ఒక తిరుగుడు మొదలవుతుంది. ఇవన్నీ భూమి లాగడం వల్ల జరిగేవే. కరిగించిన లోహాలు కలిపేటప్పుడు, మందుల స్ఫటికాలు పెంచేటప్పుడు ఈ దిగడం, లేవడం, తిరగడం అడ్డం వస్తాయి. స్ఫటికం అంటే ఉప్పు కల్లు, పటికబెల్లం ముక్కలాంటిది. నిదానంగా, కదలకుండా పెరిగితే శుభ్రంగా వస్తుంది. గిన్నెలో అలజడి ఉంటే ఆకారం చెడుతుంది.

మరి పైకి పోతే భూమి లాగదా? ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. నేనూ పడ్డాను. 500 కిలోమీటర్ల ఎత్తులో కూడా భూమ్యాకర్షణ ఇక్కడున్నదానిలో 100కి 86 వంతులు ఉంటుంది. ఏమీ పోదు. అయినా అక్కడ వస్తువులు తేలుతాయి. ఎందుకంటే అవి ఎప్పుడూ పడుతూనే ఉంటాయి. కొండ మీద నుంచి రాయి విసరండి, కొంత దూరంలో పడుతుంది. ఇంకా గట్టిగా విసిరితే ఇంకా దూరంలో పడుతుంది. భూమి గుండ్రం కాబట్టి, 8 కిలోమీటర్లు పోయేసరికి నేల సుమారు 5 మీటర్లు కిందికి వంగుతుంది. వదిలిన రాయి మొదటి సెకనులో పడేది కూడా సుమారు 5 మీటర్లే. అంటే సెకనుకు 8 కిలోమీటర్ల వేగంతో విసిరితే రాయి పడుతున్న కొద్దీ నేల కూడా తప్పుకుంటూ పోతుంది, రాయి ఎప్పటికీ నేలను చేరదు. గాలి అడ్డం రాకుండా ఉండాలి కాబట్టి పైకి తీసుకెళ్ళి విసురుతారు. రాకెట్ చేసే పని ఇదే. 500 కిలోమీటర్ల ఎత్తులో సెకనుకు 7.6 కిలోమీటర్లు చాలు. ఆ వేగంతో హైదరాబాదు నుంచి విశాఖపట్నానికి ఒక నిమిషం చిల్లర.

గిన్నె, పప్పు, నీళ్ళు అన్నీ కలిసి ఒకే వేగంతో పడుతుంటే ఇక బరువైనది అడుగుకు దిగడమనేది ఉండదు. అక్కడ మన మెస్సు పెడితే అందరికీ ఒకే పప్పు. కాకపోతే పళ్ళెంలో నిలవదు.

ఇంకో సందేహం రావచ్చు. మనుషులుండే అంతరిక్ష కేంద్రం ఉంది కదా, అక్కడే చేయవచ్చు కదా అని. చేస్తున్నారు కూడా. కానీ మనుషులు ఉన్నచోట కదలడం, వ్యాయామం, తలుపులు వేయడం, పంపులు తిరగడం ఉంటాయి. మనం పరీక్ష రాస్తుంటే పక్కవాడు బెంచీ ఊపినట్టు. కొన్ని సున్నితమైన ప్రయోగాలకు ఆ మాత్రం కదలిక కూడా పనికిరాదు. ప్రమాదకరమైన రసాయనాలను, కొలుములను మనుషుల పక్కన పెట్టడం కూడా మంచిది కాదు. అందుకని ఎవరూ లేని వేదిక కావాల్సి వచ్చింది.

ఇక కథలోకి వద్దాం.

1983 జూన్‌లో అమెరికావాళ్ళ ఛాలెంజర్ అనే స్పేస్ షటిల్ ఒక వేదికను పైకి మోసుకెళ్ళింది. దాని పేరు స్పాస్. పశ్చిమ జర్మనీలోని ఎంబీబీ అనే కంపెనీ దాన్ని చేసింది. కంపెనీ ఆలోచన, ప్రయోగాలు చేసుకునేవాళ్ళకు అందులో చోటు అద్దెకివ్వాలని. షటిల్‌కు మోచేయిలా వంగే ఒక పొడవాటి మరచేయి ఉండేది. ఆ చేత్తో వేదికను పట్టుకుని బయట వదిలారు, కాసేపు విడిగా తిరగనిచ్చి మళ్ళీ పట్టుకున్నారు. ఆ చేతిని నడిపినవాళ్ళలో శాలీ రైడ్ ఒకరు. అమెరికా తరఫున అంతరిక్షంలోకి పోయిన మొదటి స్త్రీ ఆమే. వదిలిన వేదిక మీద కెమెరా ఉండబట్టి, అంతరిక్షంలో షటిల్ మొత్తం కనిపించే ఫొటో మొదటిసారి దొరికింది. నీలం, తెలుపు భూమి మీద షటిల్ చిన్న బొమ్మలా ఉంటుంది. సారు చూపించారు, చాలా బాగుంది.

అదే స్పాస్‌ను 1984 ఫిబ్రవరిలో మళ్ళీ పంపారు. ఒకసారి పోయి వచ్చి, బాగుచేయించుకుని రెండోసారి పోయిన మొదటి ఉపగ్రహం అదే. కాకపోతే ఆసారి మరచేయి మొరాయించింది. బయటికి వదలకుండానే షటిల్ లోపలే ఉంచి తెచ్చేశారు.

ఆ 1984లోనే ఏప్రిల్‌లో ఛాలెంజరే ఇంకో పెద్ద వేదికను పైన వదిలింది. పేరు ఎల్‌డీఈఎఫ్. ఇంచుమించు బస్సంత ఉంటుంది. 9 మీటర్ల పొడవు, పన్నెండు పక్కలు, దాదాపు 10 టన్నుల బరువు. దానికి ఇంజను లేదు, మాట్లాడే రేడియో లేదు. చుట్టూరా పళ్ళేలు బిగించినట్టు 57 ప్రయోగాలు బిగించారు. రకరకాల లోహాలు, రంగులు, అద్దాలు అంతరిక్షంలో ఎంతకాలం ఆగుతాయో చూడటం దాని పని. మన ఇంటి గోడ మీద ఎండకు, వానకు ఏది ముందు చెడుతుందో చూసినట్టు. సమాచారం పంపడానికి రేడియో లేదు కాబట్టి, దాన్ని కిందికి తేకపోతే పంపిన ఫలితం సున్నా. ఇది గుర్తుపెట్టుకోండి.

ఏడాదిలోపు తెద్దామని అనుకున్నారు. షటిళ్ళకు వేరే పనులు పడి ఆలస్యమైంది. ఇంతలో 1986 జనవరి 28న ఛాలెంజర్ పైకి లేచిన 73 సెకన్లకే ముక్కలైపోయింది. ఏడుగురు చనిపోయారు. అందులో ఒక బడి టీచరమ్మ కూడా ఉంది. ఆ తర్వాత రెండున్నరేళ్ళకు పైగా షటిళ్ళు ఎగరలేదు. పైన ఎల్‌డీఈఎఫ్ ఒక్కటే తిరుగుతూ ఉంది. ఆ ఎత్తులో కూడా పలచటి గాలి కొంచెం ఉంటుంది. అది రాపాడి వేగం తగ్గి, వేదిక కొంచెం కొంచెంగా కిందికి దిగుతూ వచ్చింది. చివరికి 1990 జనవరిలో కొలంబియా అనే షటిల్ పోయి దాన్ని పట్టుకుంది. ఇంకొంత ఆలస్యమైతే గాలిలోకి దిగి కాలిపోయేది. ఏడాదికని పోయిన బస్సు ఐదేళ్ళ తొమ్మిది నెలలకు ఇల్లు చేరింది.

దానిలో ఉన్నవాటిలో నాకు బాగా నచ్చింది టమాటా గింజలు. కోటీ 25 లక్షల టమాటా గింజలు పెట్టి పంపారు. కిందికి వచ్చాక వాటిని పొట్లాలు కట్టి అమెరికాలోనూ ఇతర దేశాల్లోనూ బడులకు పంచారు. పక్కనే పోల్చడానికి అంతరిక్షానికి పోని గింజలు కూడా ఇచ్చారు. సుమారు 30 లక్షల మంది పిల్లలు వాటిని మొలకెత్తించి, కొలిచి, రాసి పంపారు. అంతరిక్ష టమాటాలు తింటే ఏమన్నా అవుతుందేమోనని కొందరు పెద్దవాళ్ళు భయపడ్డారట. పిల్లలు రాసి పంపినదాని ప్రకారం రెండు రకాల గింజలూ బాగానే మొలిచాయి. పైకి పోయినవి మొదట్లో కాస్త తొందరగా మొలిచాయి, తర్వాత పెద్ద తేడా ఏమీ లేదు. ఇంత పెద్ద ప్రయోగంలో అసలు పని చేసింది మనలాంటి పిల్లలేనన్నమాట. మన బడికి రాలేదు గానీ.

ఎల్‌డీఈఎఫ్‌ను మళ్ళీ పంపాలన్న ఉద్దేశంతోనే కట్టారు. మళ్ళీ పంపలేదు.

ఇంకోటి యురేకా. ఐరోపా దేశాలు కలిసి చేసిన వేదిక. నాలుగున్నర టన్నులు. దీనికి సొంత ఇంజను, సోలార్ పలకలు, రేడియో అన్నీ ఉన్నాయి. స్ఫటికాలు పెంచే పెట్టెలు, లోహాలు కరిగించే కొలుములు, సూర్యుణ్ణి చూసే సాధనాలు కలిపి పదిహేను పెట్టారు. ఐదుసార్లు పోయి వచ్చేలా కట్టారు. 1992 జూలై 31న అట్లాంటిస్ షటిల్లో పోయింది. స్విట్జర్లాండ్‌కు చెందిన క్లోడ్ నికోలియే మరచేత్తో దాన్ని బయట వదిలారు. పదకొండు నెలలు పైన పనిచేసింది. 1993 జూన్‌లో ఎండేవర్ షటిల్ పోయి పట్టుకుంది. పట్టుకున్నాక ఒక చిక్కు వచ్చింది. యురేకాకు రెండు యాంటెన్నాలుంటాయి, అవి మడుచుకుని గడియ పడాలి. గడియ పడలేదు. అప్పుడు ఇద్దరు వ్యోమగాములు బయటికి వచ్చి, ఒకరు మరచేయి చివర నిలబడి, చేతులతో వాటిని నెట్టి పట్టుకుంటే గడియ పడింది. కోట్ల ఖర్చుతో చేసిన యంత్రానికి చివరికి పెట్టె మూత మీద కూర్చుని తాళం వేసినట్టు చేయాల్సి వచ్చింది. సెలవులకు ఇంటికి పోయేటప్పుడు మనం ట్రంకు పెట్టెలతో చేసే పని అదే.

యురేకా బాగా పనిచేసింది. కానీ రెండోసారి పోలేదు. ఐరోపా దేశాలు దానికి డబ్బు ఇవ్వలేదు. ఇప్పుడు స్విట్జర్లాండ్‌లో లూసర్న్ అనే ఊళ్ళో రవాణా మ్యూజియంలో పలకలు విప్పుకుని వేలాడుతూ ఉంది.

ఎందుకిలా? బాగున్నదాన్ని ఎందుకు మూలన పెట్టారు? దీని గురించి నేను ఆలోచించింది చెప్తాను. మా ఊరి నుంచి సంతకు చింతపండు, చీపుళ్ళు తీసుకుపోవాలంటే బుట్టలు కావాలి. మా అమ్మ అల్లిన వెదురు బుట్ట పదేళ్ళైనా ఆగుతుంది. కానీ ఆ బుట్టను సంతకు చేర్చి, మళ్ళీ ఖాళీ బుట్టను ఇంటికి తేవడానికి ఒక జీపు మొత్తం కిరాయికి మాట్లాడితే? బుట్ట ఆదా అయింది, జీపు కిరాయికి ఇల్లు గుల్లయింది. వేదికల సంగతి కూడా ఇదే. యురేకాను పంపడానికి ఒక షటిల్ ప్రయాణం, తేవడానికి ఇంకో షటిల్ ప్రయాణం కావాలి. షటిల్‌లో ప్రతిసారీ మనుషులు ప్రాణాలు పణంగా పెట్టి పోవాలి. షటిల్ కూడా మళ్ళీ వాడేదే, కానీ ప్రతి ప్రయాణానికీ ముందు దాన్ని విప్పి, చూసి, బిగించడానికి నెలలు పట్టేది. అనుకున్నంత చవక కాలేదు. 2011లో షటిళ్ళను పూర్తిగా ఆపేశారు. అంటే తిరిగి వాడుకునే వస్తువు ఉంటే చాలదు, దాన్ని మోసే బండి చవకగా, తరచుగా దొరకాలి.

సరే, ఆ బండి ఇప్పుడు దొరుకుతోంది. అమెరికాలో స్పేస్‌ఎక్స్ అనే కంపెనీ రాకెట్ కింది భాగాన్ని దించి మళ్ళీ వాడుతోంది. ఒకే రాకెట్‌లో చాలామంది చిన్న ఉపగ్రహాలు ఎక్కించుకుని చార్జీ పంచుకుంటారు, షేర్ ఆటోలాగ. వాళ్ళ డ్రాగన్ అనే సామాన్ల పెట్టె 2014లో ఒకసారి అంతరిక్ష కేంద్రానికి పోయివచ్చింది, అదే పెట్టె 2017 జూన్‌లో మళ్ళీ పోయింది.

ఇక చిన్న కంపెనీలు కూడా దిగాయి. వాటిలో వార్డా అనే అమెరికా కంపెనీ గురించి చెప్తాను. వాళ్ళ వ్యాపారం మందుల స్ఫటికాలు. మందుకు స్ఫటికం ఎందుకంత ముఖ్యం అంటే, దీనికి ఒక నిజమైన సంగతి ఉంది. రిటోనవిర్ అనేది ఎయిడ్స్ రోగులకిచ్చే మందు. 1996లో వచ్చింది. 1998లో ఫ్యాక్టరీలో ఎవరూ అనుకోకుండా అదే మందు వేరే ఆకారం స్ఫటికంగా గట్టిపడటం మొదలుపెట్టింది. పదార్థం అదే, అణువులు అవే, పేర్పు వేరు. కానీ అది సరిగా కరగదు. కరగకపోతే ఒంటికి పట్టదు. ఆ గొట్టాల మందును బజారు నుంచి తీసేయాల్సి వచ్చింది. ఆ మందు మీద బతుకుతున్నవాళ్ళ పరిస్థితి ఊహించండి. ఒక బస్తా ఇటుకలను ఒకలా పేరిస్తే గోడ, ఇంకోలా పేరిస్తే కుప్ప, అట్లాగన్నమాట. కాబట్టి కావలసిన పేర్పు కావలసినట్టు తెచ్చుకోగలిగితే దానికి డబ్బిచ్చేవాళ్ళుంటారని ఆ కంపెనీ లెక్క.

2023 జూన్ 12న వాళ్ళ మొదటి పెట్టె పైకి పోయింది. లోపల అదే రిటోనవిర్‌ను కరిగించి, చల్లార్చి స్ఫటికం చేశారు. ఆ పని తొందరగానే అయిపోయింది. కానీ పెట్టెను దించడానికి కాగితం రాలేదు. పై నుంచి వస్తువు దించాలంటే అది ఎవరి నెత్తిన పడుతుందోనని సర్కారు అనుమతి కావాలి, దిగే స్థలం ఇచ్చేవాళ్ళు ఒప్పుకోవాలి. నెలల తరబడి పెట్టె పైన తిరుగుతూనే ఉంది. చివరికి 2024 ఫిబ్రవరి 21న యూటా రాష్ట్రంలో సైన్యం వాళ్ళ మైదానంలో పారాచూట్‌తో దిగింది. అప్పట్లో ఎల్‌డీఈఎఫ్ బండి లేక ఆగింది, ఇది సంతకం లేక ఆగింది. స్కాలర్‌షిప్ కాగితాల కోసం తిరిగినవాళ్ళకు ఇది వివరించి చెప్పక్కర్లేదు.

దిగడం గురించి ఒక మాట. పెట్టె గంటకు 25 వేల కిలోమీటర్ల పైచిలుకు వేగంతో గాలిలోకి వస్తుంది. రాపిడి వల్ల కాలుతుందని మనం రాస్తుంటాం. అది కొంతవరకే. అసలు వేడి ముందున్న గాలిని ఒక్కసారిగా నొక్కేయడం వల్ల పుడుతుంది. సైకిల్ పంపు గట్టిగా కొట్టి అడుగున చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటుంది. అదే సంగతి. అందుకని పెట్టె ముందు భాగానికి మందపాటి కవచం కడతారు. అది పైపైన మాడుతూ వేడిని లోపలికి రానివ్వదు.

తర్వాతి పెట్టె ఎక్కడ దిగిందో చదివి నేను కాసేపు ఆగిపోయాను. 2025 ఫిబ్రవరి 28న అది ఆస్ట్రేలియాలో కూనిబ్బా అనే చోట దిగింది. కూనిబ్బా ఆదివాసుల ఊరు. దక్షిణ ఆస్ట్రేలియాలో సెడ్యూనా పట్టణానికి వాయవ్యంగా ఉంటుంది. 1901 నుంచి చాలాకాలం అక్కడ క్రైస్తవ మిషన్ ఉండేది. ఇప్పుడు ఆ ఊరి ఆదివాసీ సంఘంతో భాగస్వామ్యం పెట్టుకుని సదరన్ లాంచ్ అనే కంపెనీ అక్కడ ఒక విశాలమైన మైదానం నడుపుతోంది. 2025 మే నెలలో మూడో పెట్టె కూడా అక్కడే దిగింది. ఫిబ్రవరిలో దిగిన పెట్టెలో అమెరికా వాయుసేన పరిశోధన సాధనం ఉంది. అంటే పేరుకు ప్రైవేటు వ్యాపారమే అయినా కిరాయి కట్టేవాళ్ళలో సర్కారు కూడా ఉందన్నమాట. పైగా ఈ మూడుసార్లూ పెట్టె మాత్రమే దిగింది. దాన్ని పైన నడిపిన ఇంజను భాగం గాలిలో కాలిపోయింది. తిరిగి రావడం వేరు, తిరిగి వాడటం వేరు. వార్తల్లో రెండూ కలిపేస్తారు. మనం కలపకూడదు.

కూనిబ్బా గురించి సారుకు చెప్తే ఆయన శ్రీహరికోట సంగతి చెప్పారు. మన రాకెట్లు ఎగిరే ఆ దీవి ఒకప్పుడు యానాదులది. యానాదులు కూడా మనలాగే షెడ్యూల్డు తెగవాళ్ళు. ఆ అడవిలో దొరికేవి ఏరుకుని, చేపలు పట్టుకుని బతికేవాళ్ళు. 1969లో ఆ చోటును రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నారు. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి చిన్న రాకెట్ ఎగిరింది. దీవిలోని ఊళ్ళు ఖాళీ చేయించారు, యానాదులను వేరే చోట్లకు మార్చారు. రాకెట్ ఎగిరేచోట జనం ఉండకూడదన్నది నిజమే, దాన్ని కాదనలేం. కానీ కూనిబ్బావాళ్ళను అడిగి భాగస్వాములను చేసినట్టు ఆ రోజుల్లో యానాదులను ఎవరూ అడగలేదు. ఈ రెండు వాక్యాలు ఉంచాలా తీసేయాలా అని పత్రిక కమిటీలో వాదన జరిగింది. వార్డెన్ సారు చదివి "నిజమైతే ఉండనీయండి" అన్నారు.

మన దేశం కూడా ఈ పని మొదలుపెట్టింది. 2007 జనవరి 10న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ రాకెట్ ఎస్‌ఆర్‌ఈ అనే పెట్టెను తీసుకెళ్ళింది. 550 కిలోలు. పన్నెండు రోజులు పైన ఉండి జనవరి 22న బంగాళాఖాతంలో దిగింది, తీరరక్షక దళం వాళ్ళు తీసుకొచ్చారు. పైకి పంపిన పెట్టెను మన దేశం కిందికి దించడం అదే మొదటిసారి.

ఇంకో పద్ధతి కూడా మనవాళ్ళు కనిపెట్టారు. అది మా అవ్వ పద్ధతి. అవ్వ ఏ డబ్బా పారేయదు. పాలపొడి డబ్బా అయిపోతే బియ్యం కొలిచే మానిక అవుతుంది. పీఎస్‌ఎల్‌వీకి నాలుగు దశలుంటాయి. నాలుగో దశ ఉపగ్రహాన్ని వదిలిపెట్టాక పనిలేక చెత్తలా తిరిగేది. దానికి సోలార్ పలకలు, స్థిరంగా నిలబెట్టే సాధనాలు బిగించి, ప్రయోగాలు పెట్టుకునే వేదికగా మార్చారు. దానికి పోయెమ్ అని పేరు పెట్టారు. మొదటిది 2022 జూన్ 30న పోయింది. బండి చార్జీ అప్పటికే వేరేవాళ్ళు కట్టేశారు కాబట్టి దీనికి విడిగా రాకెట్ అక్కర్లేదు. చిన్న కంపెనీలకు, కాలేజీలకు ఇందులో చోటు దొరుకుతోంది. హైదరాబాదులోని ధ్రువ స్పేస్ అనే కంపెనీ 2024 జనవరి 1న పోయిన మూడో పోయెమ్‌లో తన సాధనాన్ని పరీక్షించుకుంది. 2024 డిసెంబరు 30న పోయిన నాలుగో పోయెమ్‌లో 24 ప్రయోగాలున్నాయి. వాటిలో 10 ఇస్రో బయటివాళ్ళవి. హైదరాబాదుకే చెందిన టేక్‌మీటూస్పేస్ వాళ్ళది కూడా అందులో ఉంది.

ఆ నాలుగో పోయెమ్‌లోనే ఒక చిన్న పెట్టెలో ఎనిమిది అలసంద గింజలు పెట్టారు. మా ఇంట్లో బొబ్బర్లంటాం. నాలుగు రోజుల్లో మొలకెత్తాయి, ఆ తర్వాత ఆకులు కూడా వచ్చాయి. ఫొటోలు కిందికి వచ్చాయి. మొలకలు రాలేదు. పోయెమ్‌కు కిందికి దిగే కవచం లేదు. 2025 ఏప్రిల్ 4న అది హిందూ మహాసముద్రం మీద గాలిలోకి దిగి కాలిపోయింది. చెత్తగా పైన మిగిలిపోకుండా ముందే తక్కువ ఎత్తుకు తెచ్చి పెట్టారు.

కాబట్టి తమ్ముడూ, నువ్వడిగినదానికి జవాబు, కొన్ని దింపుతారు, చాలావరకు దింపరు. దింపినవాటిలో మళ్ళీ పోయినవి ఇంకా తక్కువ.

ఈ వ్యాసం రాస్తూ నేను కూడా ఎనిమిది బొబ్బర్లు తడి దూదిలో పెట్టి స్టడీ రూము కిటికీలో రెండు గ్లాసుల్లో ఉంచాను. నాలుగో రోజుకు ఏడు మొలిచాయి, ఒకటి కుళ్ళింది. ఏడో తరగతి తమ్ముడు వచ్చి చూసి మళ్ళీ అడిగాడు, "అన్నా, పైన ఏది కిందో తెలియదు కదా, మరి వేరు ఎటు పోతుంది?" అని. ఈసారి తప్పించుకోలేదు. ఇక్కడ వేరు భూమి లాగే వైపుకు పోతుంది, మొలక ఎదురుగా లేస్తుంది. పైన ఆ గుర్తు ఉండదు, అందుకని మొలక వెలుతురు వచ్చే వైపును పట్టుకుని పెరుగుతుంది. నమ్మకపోతే ఒక గ్లాసును పక్కకు పడుకోబెట్టాను, రేపు పొద్దున వచ్చి వేరు ఎటు వంగిందో చూడండి. గ్లాసులు కిటికీలో ఎడమ పక్కన ఉన్నాయి. చూడండి, కావాలంటే ఎత్తి పట్టుకోండి. పీకొద్దు.